భద్రాచలం అడవి అంచు నుంచి ఆయుర్వేద వైద్యంలోకి

చర్ల, దుమ్ముగూడెం వారపు సంతల్లో కరక్కాయ, తానికాయ, ఉసిరి, ముష్టిగింజ, నల్లజీడి, ఇప్పపువ్వు ఏ కాలానికవి గంపల్లో దిగుతుంటాయి. ఇక్కడ పెరిగిన బైపీసీ విద్యార్థికి వీటి పేర్లు ఎవరూ నేర్పనక్కర్లేదు. మొదటి మూడు కాయలూ కలిస్తే త్రిఫల అవుతుందనీ, ఒకప్పుడు రజకులు బట్టలకు గుర్తు పెట్టిన నల్లజీడి రసం ఒంటికి తగిలితే పొక్కుతుందనీ పెద్దవాళ్ల దగ్గరే తెలిసిపోతుంది. ఆయుర్వేద వైద్యులు కావాలనుకునే ఏజెన్సీ పిల్లలకు ఇది పెద్ద పెట్టుబడి. అయితే దానితోనే వైద్యులైపోరు. పశువుల కాపరులకూ అడవిలో బతికేవారికీ మూలికల పేరూ రూపమూ తెలుసని చరక సంహిత మొదటి అధ్యాయమే ఒప్పుకుంటుంది. ఆ వెంటనే ఇంకో మెట్టు పైకి చూపిస్తుంది. ప్రాంతాన్నీ కాలాన్నీ గమనించి, ఎదురుగా ఉన్న ఒక్కో మనిషినీ విడిగా పరీక్షించి మందు ఇవ్వగలిగినవారే ఉత్తమ వైద్యులంటుంది. ఈ రోజు వ్యక్తిగత వైద్యం అని గొప్పగా చెప్పుకుంటున్నది అదే.

ఆ మెట్టు ఎక్కడానికి ముందు కావలసింది ఆయుర్వేద వైద్య డిగ్రీ బీఏఎంఎస్. ఇంటర్‌లో బైపీసీ చదివి నీట్‌లో అర్హత సాధించాలి. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తారు. తెలంగాణలో ఆయుర్వేదం సహా ఆయుష్ సీట్ల కౌన్సెలింగ్‌ను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. ఎంబీబీఎస్ కౌన్సెలింగ్‌తో పాటే ఇదీ అయిపోతుందనుకుని కొందరు ఊరుకుంటారు. ఆయుష్‌కు విడిగా నోటిఫికేషన్ వస్తుంది, విడిగా దరఖాస్తు చేయాలి. ప్రభుత్వ కళాశాలలు వరంగల్‌లో అనంతలక్ష్మి, హైదరాబాద్ ఎర్రగడ్డలో బీఆర్‌కేఆర్. చదువు నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. సంస్కృతం ఉంటుంది కానీ భయపడాల్సినంత కాదు. శరీర నిర్మాణం, రోగ నిర్ధారణ, శస్త్రచికిత్స పాఠాలు కూడా ఉంటాయి.

మనిషిని పరీక్షించడమంటే వాతమా, పిత్తమా, కఫమా అని తేల్చి చీటీ రాసివ్వడం కాదు. ఆ మూడింటిలో ఏది ప్రధానమో చెప్పే ప్రకృతి, చరకుడు చెప్పిన దశవిధ పరీక్షలో ఒకటి మాత్రమే. రోగస్థితి, వయసు, జీర్ణశక్తి, మనోబలం, శ్రమకు ఓర్చుకునే శక్తి, అలవాటైన తిండి ఇవన్నీ చూడాలి. ప్రకృతి భావనకు జన్యువులతో సంబంధం ఉందా అన్న ప్రశ్నను హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చేపట్టారు. 3,416 మంది ఆరోగ్యవంతులైన పురుషులను పరిశీలించి, ఒక్కో ప్రకృతి స్పష్టంగా కనిపించిన 262 మందిని జన్యు విశ్లేషణకు ఎంచుకున్నారు. పీజీఎం1 అనే జన్యువుకూ పిత్త ప్రకృతికీ సంబంధం కనబడిందని 2015లో ప్రకటించారు. ఇది దారి చూపే పరిశోధనే తప్ప మందులన్నిటికీ రుజువు కాదు. ఆ తేడా తెలిసిన విద్యార్థే రేపు రోగికి నిజం చెప్పగలరు.

ఇక్కడి పరిస్థితికి అన్వయించి చూడండి. మోకాళ్ల నొప్పులతో ముగ్గురు వచ్చారనుకుందాం. ఒకరు మణుగూరు ఓపెన్‌కాస్ట్ గనిలో షిఫ్టులు చేసే సింగరేణి కార్మికుడు. నిద్రకూ భోజనానికీ వేళ ఉండదు. ఇంకొకరు ఖమ్మం మిర్చి మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ. మూడో ఆమె పోడు భూమిలో నడుం వంచి పనిచేసే కోయ మహిళ. జొన్న జావ తాగిన ఇంట్లో ఇప్పుడు మూడు పూటలా అన్నమే. ముగ్గురికీ ఒకే తైలం, ఒకే గుగ్గులు రాసిచ్చే వైద్యుడు పుస్తకం చదివాడే కానీ మనిషిని చదవలేదు. మొదటి వ్యక్తికి షిఫ్టు మారినప్పుడల్లా ఏ వేళకు తినాలో, ఎప్పుడు పడుకోవాలో కుదర్చాలి. రెండో వ్యక్తికి బరువు మోసే తీరు గురించి మాట్లాడాలి. మూడో ఆమెకు పాత తిండిలో ఏది తిరిగి వంటింట్లోకి రాగలదో ఇంట్లోవాళ్లతో కూర్చుని చూడాలి. ఆ ఇంటి ఆదాయం తెలియకుండా పథ్యం చెప్పడం వృథా. అందుకే దీర్ఘకాల ఆరోగ్యం మీద పనిచేసే వైద్యులు ఒకే ప్రాంతంలో నిలవాలని నా గట్టి నమ్మకం. ప్రతి కుటుంబానికీ ఒక రికార్డు పెట్టి, బరువు, బీపీ, షుగరు, నిద్ర, మందుకు వచ్చిన మార్పు ఏళ్ల తరబడి రాసుకోవాలి. రోగి వాడుతున్న అల్లోపతి మాత్రల పేర్లూ అందులో ఉండాలి.

ఎక్కడ ఆగాలో తెలియడం ఈ వృత్తిలో సగం. మలేరియా జ్వరం వచ్చినా, పాము కరిచినా క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పంపాలి. గిరిజనుల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ వ్యాధి నిర్మూలనకు 2023లో జాతీయ మిషన్ మొదలైంది. అనుమానం వస్తే రక్తపరీక్ష చేయించాలి, కషాయంతో కాలం గడపకూడదు. మధుమేహం పూర్తిగా నయం చేస్తామని బోర్డు పెట్టడం 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం కింద నేరం. ముష్టిగింజ, నల్లజీడి ఔషధ నిబంధనల్లోని విషపదార్థాల జాబితాలో ఉన్నాయి. శుద్ధి చేయకుండా ఇస్తే ప్రాణం మీదికొస్తుంది.

గూడేల్లో పసరు మందు ఇచ్చే పెద్దలున్నారు. సెలవుల్లో వాళ్ల వెంట అడవికి వెళ్లండి. ఏ ఆకు ఏ నెలలో కోస్తారో, వేరు ఎంతవరకు తీసి మిగతాది ఎందుకు వదిలేస్తారో చూసి నేర్చుకోండి. వాళ్ల అనుమతి లేకుండా ఆ విద్యను వీడియోలకూ కంపెనీలకూ ఇవ్వకండి. వాళ్లతో తిరిగినంత మాత్రాన వైద్యం చేసే హక్కు రాదు, అందుకు డిగ్రీ, రాష్ట్ర బోర్డులో రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఉద్యోగాల విషయానికొస్తే ప్రభుత్వ ఆయుర్వేద డిస్పెన్సరీలు, జాతీయ ఆరోగ్య మిషన్ కాంట్రాక్టు పోస్టులు ఉన్నాయి. 2022లో తెలంగాణ పల్లె దవాఖానాల పోస్టులకు బీఏఎంఎస్ అభ్యర్థులనూ తీసుకున్నారు. సొంత క్లినిక్ పెడితే మొదటి కొన్నేళ్లు ఆదాయం తక్కువే, ఇంట్లోవాళ్లకు ఆ మాట ముందే చెప్పి ఒప్పించుకోవాలి. నీట్ అందనివారు ఫారెస్ట్రీ, వృక్షశాస్త్రం, ఫార్మసీ వైపు చూడవచ్చు. తిండి వైపు ఆసక్తి ఉంటే భద్రాచలం గిరిజన మహిళల ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ చిరుధాన్యాల బిస్కెట్లు మన కళ్లముందున్నాయి.

బీఏఎంఎస్ తర్వాత ఎండీ చేయాలంటే అఖిల భారత ఆయుష్ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. దీర్ఘకాల రోగులతో పనిచేయాలంటే కాయచికిత్స గానీ పంచకర్మ గానీ తీసుకోండి. జబ్బు రాకముందే ఊరితో పనిచేయాలనిపిస్తే స్వస్థవృత్తం. సంతలో గంపల దగ్గర ఆగిపోయే అలవాటున్నవారికి మూలికల శాస్త్రమైన ద్రవ్యగుణం సరిగ్గా సరిపోతుంది.