మా ఇంటి విమర్శకులు

సాలూరు తూర్పు కనుమల పాదమున, వేగావతీ నది యొడ్డున నున్న పట్టణము. 2022వ సంవత్సరమున ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో ఇది చేరియున్నది. ఒడిశా కొండలకెక్కు ఘాట్‌రోడ్డు మా యూరి మీదుగనే పోవును. పగలనక రాత్రియనక లారీలు తిరుగుచుండును. కొండదిగి వచ్చిన గిరిజనులు అల్లము, పసుపు, అడ్డాకులు సంతలో అమ్ముకొని సాయంకాలమునకు మరలిపోవుదురు.

ఈ ప్రాంతమునకు చలనచిత్ర సంగీతముతో పాత చుట్టరికము కలదు. సంగీత దర్శకులు సాలూరి రాజేశ్వరరావుగారు 1922లో సాలూరు సమీపమందలి శివరామపురమున జన్మించిరి. గాయకులు ఘంటసాల వేంకటేశ్వరరావుగారికి విజయనగరమున విద్య నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రిగారు సాలూరు చినగురువుగా ప్రసిద్ధులు.

నా చిన్ననాట సినిమా చూచుటయన్న నొక పండుగ. నేల టిక్కెట్టునకు సరిపడు చిల్లర కూడుటకే నెలలు పట్టెడిది. తరువాత టెలివిజను వచ్చినది. నేడు సినిమాయే మన యింటికి నడచి వచ్చుచున్నది. ఉద్యోగ విరమణానంతరము ప్రతి ఆదివారమును భోజనములైన పిదప ఇంటిల్లిపాదియు కూర్చుండి ఒక చిత్రమును చూచుట మాకు అలవాటైనది.

చూచువారందఱును విమర్శకులే. నా భార్య దృష్టి యెప్పుడును వంటింటి మీదనే యుండును. “ఆ పిల్ల గరిటె త్రిప్పుచున్నది గాని, గిన్నెలో పప్పే లేదు!” అని ఆమె యనును. మా అబ్బాయి లారీల కార్యాలయమున గుమాస్తా. “బ్రేకులు పోయిన బండి ఘాటీలో ఆ మలుపెట్లు తిరిగెను? ఈ చిత్రము తీసినవారు మన ఘాట్‌రోడ్డునొక్కసారియు చూడలేదు” అని వాడు తీర్పు చెప్పును. కోడలు చీరలను గమనించును. వానలో తడిసిన చీర మఱునిమిషమున పొడిగా నున్నచో ఆమె కన్నుగప్పుట యెవరి తరమును గాదు. ఎవరికేది బాగుగా తెలియునో వారికందలి తప్పు వెంటనే కనబడును. వారి మాటలకు మేమందఱమును నవ్వి, “నిజమే సుమా!” అని యొప్పుకొనుచుందుము.

ఎనిమిదవ తరగతి చదువుచున్న మా మనుమరాలికి ఒక స్నేహితురాలు కలదు. ఆ బాలికది పాచిపెంట మండలములోని యొక కొండగ్రామము. వసతిగృహమున నుండి చదువుకొనుచున్నది. ఆదివారములయందు అనుమతి తీసికొని మా యింటికి వచ్చెడిది. మాతో కూర్చుండి చూచునే గాని యెన్నడును అభిప్రాయము చెప్పెడిది కాదు. మేమును అడుగలేదు.

ఒక ఆదివారమున నొక పాతచిత్రము చూచితిమి. దానిపేరుతో మనకు పనిలేదు. అట్టివి పెక్కు గలవు. అందు కథానాయకుడు అడవిలో దారితప్పును. తలపై ఈకలు, ముఖమున రంగులు, చేత బల్లెములు గల కొండవారు అతనిని చెట్టునకు కట్టి, మంటచుట్టును అర్థములేని కేకలతో గంతులు వేయుదురు. ఆ కేకలకు మా అబ్బాయి పకపక నవ్వెను. వానికంటె నేనే యెక్కువగా నవ్వితిని. ఆ బాలిక మాత్రము తలవంచుకొని చాప అంచును సవరించుచుండెను.

తరువాతి ఆదివారము ఆమె రాలేదు. ఆ పై వారమును రాలేదు. కారణమేమని మనుమరాలినడిగితిని. అది కొంత తటపటాయించి, “తాతయ్యా, మామ్మ పప్పు సంగతి చెప్పినది. నాన్న లారీ సంగతి చెప్పినాడు. కొండల సంగతి తెలిసినది మా యింటిలో ఆమె యొక్కతెయే. ఆమెనెవరును అడుగలేదు, పైగా నవ్వితిమి” అన్నది.

ఆ మాట నా మనస్సున నాటుకొన్నది. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు పాఠములు చెప్పితిని. నా తరగతులలో కొండనుండి వచ్చిన పిల్లలు ఎందఱో కూర్చుండిరి. అట్టి చిత్రములను నేనెన్ని చూచి నవ్వలేదు! ఆ నవ్వు ఎవరిమీద పడుచున్నదో ఒక్కనాడును ఆలోచింపనైతిని.

మఱునాటి సాయంకాలము మనుమరాలిని వెంటబెట్టుకొని వసతిగృహమునకు పోయితిని. “అమ్మా, ఆనాడు నవ్వుట నా తప్పు. మీ యూరిలో నాట్యమెట్లుండునో నాకు చెప్పెదవా?” అని యడిగితిని. ఆమె మొదట సంకోచించినది. పిదప మెల్లగా నిట్లనెను: “మాస్టారూ, మాది ధింసా. డప్పు, తుడుము వాయించుదురు. ఆడువారు ఒకరి నడుము వెనుకగా నొకరు చేతులు కలిపి వరుసగా నిలుతురు. అందఱి అడుగును ఒక్కటిగా పడవలెను. ఒక్కరు తప్పినను వరుస యంతయు తడబడును. మా అవ్వ ఇప్పటికిని ఆడును. మేము ఈకలు పెట్టుకొనము. ఎవరినీ చెట్లకు కట్టము.” చివరిమాట చెప్పునప్పుడు ఆమె నవ్వినది. అప్పుడు నాకు ఊరట కలిగినది.

ఆ ఆదివారము ఆమె వచ్చినది. ఆనాడు ‘మాయాబజార్’ చూచితిమి. 1957 మార్చి 27వ తేదీన విడుదలయైన ఈ చిత్రమునకు దర్శకులు కె.వి. రెడ్డిగారు, రచయిత పింగళి నాగేంద్రరావుగారు, ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లీగారు. నాలుగు పాటలకు మన రాజేశ్వరరావుగారు బాణీలు కట్టగా, తక్కిన సంగీతమును ఘంటసాలవారు సమకూర్చిరి. 2010లో దీనికి రంగులద్ది మరల విడుదల చేసిరి.

ప్రియదర్శిని పేటికలో శశిరేఖకు అభిమన్యుడు కనబడగానే, “తాతయ్యా, ఇది వీడియోకాల్ కాదా!” అని మనుమరాలు కేకవేసినది. ఘటోత్కచుడు పెండ్లివంటకములను ఆరగించుచుండగా, “ఇక్కడ గిన్నెలు నిండుగా నున్నవి” అని నా భార్య మెచ్చుకొన్నది.

చిత్రము ముగిసినపిదప ఆ బాలికవైపు తిరిగి, “నీ యభిప్రాయమేమి తల్లీ?” అంటిని. ఆమె ఈమారు తలవంచుకొనలేదు.

“మాస్టారూ, నాకు ఘటోత్కచుడు నచ్చినాడు. పాండవుల సంపద పోగానే పట్టణమువారు ఇచ్చినమాట తప్పినారు. అడవిలోనివాడు వచ్చి ఆ మాటను నిలబెట్టినాడు. ఇంకొకటి గూడ నచ్చినది. అనుచరుడు వింతగా పలికిన మాటను అతడు ఎగతాళి చేయలేదు, క్రొత్తమాటగా స్వీకరించినాడు. మా యింటిభాష వేరు. మా అవ్వ సంతలో తెలుగు పలుకగా కొందఱు నవ్వుదురు. అప్పుడు ఘటోత్కచునివంటివాడు ప్రక్కనుండిన బాగుండునని తోచినది.”

కొంతసేపు ఎవరును మాటలాడలేదు. నేనా చిత్రమును ఎన్ని పర్యాయములు చూచితినో లెక్కలేదు. అందలి పాటలు నాకు కంఠస్థము. అయినను ఆ సంగతి నాకు కనబడలేదు. మా అబ్బాయి, “నిజమే సుమా!” అన్నాడు. అది లారీమాటకు మేమనునట్టి “నిజమే” వంటిదే. కాని ఆనాడు దానికి బరువెక్కువ.

విద్యార్థులారా! “బాగున్నది”, “బాగులేదు” అనుట సులభము. ఎందుచేత బాగున్నదో చెప్పినప్పుడే అది విమర్శ యగును. ఇంటిలో సినిమా చూచునపుడు స్వేచ్ఛగా నవ్వుడు, స్వేచ్ఛగా తప్పులు పట్టుడు. అయితే తెరమీది మనుష్యులవంటివారు మీ ప్రక్కనే కూర్చుండి యుండవచ్చునని మఱువకుడు. వారు మౌనముగా నున్నచో వారికి అభిప్రాయము లేదని తలంపకుడు. ఒకసారి అడిగి చూడుడు. ఆ బాలిక ఇప్పుడును ప్రతి ఆదివారము మా యింటికి వచ్చుచున్నది. మా విమర్శకులందఱిలోను ఆమెయే మిక్కిలి కఠినురాలు.