పాఠం 12: గెలిచి ఉంటే, గెలిచి ఉన్నా

12.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• జ్ఞాపకం, వాస్తవం, ఊహ - ఈ మూడింటినీ వేరుచేసి గుర్తించగలుగుతారు.
• హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలోని కొన్ని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
• చేదర్థక, అప్యర్థక క్రియలను సరిగా వాడగలుగుతారు.
• జరగని సంగతిని ఊహించి చెప్పే వాక్యాలు రాయగలుగుతారు.

12.2 ప్రవేశిక

"ఆ రోజు బస్సు దొరికి ఉంటే పెళ్ళికి అందుకొనేవాళ్ళం." "ఆ ఏడు వాన పడి ఉంటే అప్పు తీరేది." ఇలాంటి మాటలు మనం తరచు వింటాం, అంటాం. జరిగిపోయినదాన్ని తలచుకొని, అది మరోలా జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించడం మనిషికి సహజం. ఆటల మీద అభిమానం ఉన్నవాళ్ళలో ఈ అలవాటు మరీ ఎక్కువ. ఆట ముగిసి అరవై ఏళ్ళయినా వాళ్ళ మాటల్లో అది ఇంకా ముగియదు.

ఇటువంటి మాటల్లో కొంత నిజం, కొంత అభిమానం, కొంత పొరపాటు కలిసి ఉంటాయి. వాటిని విడదీసి చూడటం ఎలాగో ఈ పాఠంలో నేర్చుకొందాం.

12.3 సంభాషణ

రాయపూర్ నగరంలోని తెలీబంధా చెరువు గట్టు మీద సాయంత్రం పూట ఇద్దరు తెలుగువాళ్ళు కూర్చొని మాట్లాడుకొంటున్నారు. ఒకరు సికిందరాబాదు నుంచి ఉద్యోగం కోసం వచ్చి అక్కడే స్థిరపడిన పెద్దాయన. రెండోవాడు పొరుగింటి కుర్రవాడు. (ఈ సంభాషణ పాఠం కోసం కల్పించినది.)

కుర్రవాడు: తాతయ్యా, ఫుట్‌బాల్ అంటే కలకత్తా, గోవాలే కదా! మీరేమో ఎప్పుడూ హైదరాబాదు అంటారేమిటి?

పెద్దాయన: అదేరా మీకు తెలియనిది! మా చిన్నతనంలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టంటే బొంబాయి, కలకత్తా జట్లకు కూడా గుండె దడే. రోవర్స్ కప్పు వరసగా అయిదేళ్ళు మనదే.

కుర్రవాడు: అంత గొప్పగా ఆడేవారా?

పెద్దాయన: రహీం సాబ్ నేర్పిన ఆట మరి! ఆయన శిక్షణలోనే మన దేశం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్ళింది. మొదటి గోలు కూడా మనదే. ఆ ఆట గెలిచి ఉంటే కనీసం రజతం వచ్చేది.

కుర్రవాడు: అయ్యో! మళ్ళీ అవకాశం రాలేదా తాతయ్యా?

పెద్దాయన: 1960లో రోమ్‌లో వచ్చింది. ఫ్రాన్సు మీద మనమే ముందున్నాం. ఆట ముగిసే వేళకు వాళ్ళు గోలు కొట్టి సమం చేశారు. ఆ ఒక్క గోలు పడకుండా ఉంటే సెమీఫైనల్‌కు వెళ్ళేవాళ్ళం.

కుర్రవాడు: మరి ప్రపంచ కప్పు సంగతేమిటి?

పెద్దాయన: 1950లో బూట్లు లేవని రానివ్వలేదట. అదంతా పోనీ. రహీం సాబ్ ఇంకో పదేళ్ళు బతికి ఉంటే మన ఫుట్‌బాల్ ఇలా ఉండేది కాదురా నాయనా!

పాఠగత ప్రశ్నలు - 1
1. పెద్దాయన మాటల్లో "ఉంటే" అనే పదం ఎన్నిసార్లు వచ్చింది?
2. తాను ఇతరుల దగ్గర విన్న సంగతి అని సూచించే క్రియ ఏది?

12.4 వాస్తవాలు

పెద్దాయన మాటలు విన్నారు కదా! ఇప్పుడు నమోదైన చరిత్ర ఏం చెబుతోందో చూద్దాం.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించారు. వృత్తి రీత్యా ఉపాధ్యాయుడు. 1950 నుంచి 1963లో మరణించే వరకు హైదరాబాదు పోలీసు జట్టుకూ, భారత జట్టుకూ శిక్షణ ఇచ్చారు. బంతిని కాళ్ళ దగ్గరే పెట్టుకొని ఒంటరిగా పరుగెత్తడం కంటే, వెంటనే తోటివాడికి అందించడం మేలని ఆయన నేర్పేవారు. ఆ అలవాటు పడటానికి ఒంటరిగా బంతిని తీసుకుపోవడాన్ని నిషేధించిన పోటీలు కూడా పెట్టేవారు. ఒక్క కుడికాలే కాక ఎడమకాలితోనూ బంతిని తన్నడం సాధన చేయించేవారు.

ఈ శిక్షణ ఫలితం చూడండి. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును గెలిచింది. 1950, 1954, 1957 సంవత్సరాల్లో డ్యూరాండ్ కప్పు కూడా సాధించింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57, 1957-58లలో వెంటవెంటనే గెలుచుకొంది.

దేశం తరఫున రహీం సాధించినవి:
1951: ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్ మీద 1-0 తేడాతో గెలిచి స్వర్ణం.
1956: మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా మీద 4-2తో గెలుపు. ఈ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. సెమీఫైనల్‌లో యుగోస్లావియా చేతిలో 1-4తో, కాంస్యం కోసం ఆడిన ఆటలో బల్గేరియా చేతిలో 0-3తో ఓటమి. చివరకు నాలుగో స్థానం.
1960: రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ చేతిలో 1-2తో ఓటమి, ఫ్రాన్సుతో 1-1 డ్రా, పెరూ చేతిలో 1-3తో ఓటమి.
1962: జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం.

జకార్తా విజయం గురించి కొంచెం వివరంగా తెలుసుకోవాలి. మొదటి ఆటలోనే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వకపోవడంపై వివాదం రేగి, స్థానికుల్లో భారతదేశం మీద కోపం పెరిగింది. ఫైనల్‌లో నిండిన స్టేడియం మన జట్టును గేలి చేసింది. రహీం అప్పటికే కాన్సర్‌తో బాధపడుతున్నారు. తలకు కుట్లున్న జర్నైల్ సింగ్‌ను ఆయన వెనక్కి పంపలేదు. గోల్స్ చేసే ముందు వరసలో నిలిపారు. 1962 సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు చేశారు. తమను మొదట ఓడించిన దక్షిణ కొరియానే మన జట్టు 2-1తో ఓడించింది. ఆ జట్టులో సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం, హైదరాబాదుకు చెందిన యూసుఫ్ ఖాన్ ఉన్నారు.

1963 జూన్‌లో రహీం కన్నుమూశారు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద మన గోల్స్ చేసిన బలరాం, ఊపిరితిత్తుల జబ్బుతో అదే ఏడాది ఆట మానుకోవలసి వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు.

12.5 ఊహలను పరీక్షిద్దాం

ఊహ తప్పు కాదు. అయితే ప్రతి ఊహనూ రెండు ప్రశ్నలతో పరీక్షించాలి. మొదటిది: షరతు నెరవేరి ఉంటే ఆ ఫలితం తప్పక వచ్చేదా? రెండోది: అలా చెప్పడానికి ఆధారం ఉందా?

(అ) మెల్‌బోర్న్: సెమీఫైనల్ గెలిచిన జట్టు ఫైనల్ చేరుతుంది. ఫైనల్‌లో ఓడినా రజతం ఖాయం. కాబట్టి "గెలిచి ఉంటే కనీసం రజతం వచ్చేది" అన్న మాట నిజమే. అయితే ఓటమి ఒక్క గోలు తేడాతో కాదు, మూడు గోల్స్ తేడాతో. ఏదో ఒక్క క్షణం మారి ఉంటే గెలిచేవాళ్ళమని అనలేం.

(ఆ) రోమ్: ఇక్కడ పెద్దాయన పొరబడ్డాడు. అప్పట్లో గెలుపుకు 2 పాయింట్లు, డ్రాకు 1 పాయింటు. గ్రూపులో మొదటి స్థానం పొందిన జట్టుకే సెమీఫైనల్ అవకాశం. హంగరీ మూడు ఆటలూ గెలిచి 6 పాయింట్లు సాధించింది. మనకు వచ్చింది 1. ఫ్రాన్సు మీద గెలిచి ఉన్నా 2 పాయింట్లే అయ్యేవి. మనసుకు బాధ కలిగించిన గోలు వేరు, ఫలితాన్ని మార్చిన గోలు వేరు. జ్ఞాపకం ఈ రెండింటినీ తరచు ఒకటిగా కలిపేస్తుంది.

(ఇ) ప్రపంచ కప్పు: 1950లో బ్రెజిల్‌లో ఆడే అవకాశం భారతదేశానికి వచ్చింది, జట్టు వెళ్ళలేదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడినందువల్ల, వెళ్ళకపోవడానికీ బూట్లే కారణమన్న కథ పుట్టింది. దూరప్రయాణం ఖర్చు, సాధనకు సమయం చాలకపోవడం, జట్టు ఎంపికలో భేదాభిప్రాయాలు, ప్రపంచ కప్పు కన్నా ఒలింపిక్స్‌నే గొప్పగా భావించడం వంటివి అసలు కారణాలని చరిత్ర రాసినవారు చెబుతారు.

(ఈ) రహీం: "ఇంకో పదేళ్ళు బతికి ఉంటే" అన్న మాటను ఏ లెక్కతోనూ రుజువు చేయలేం, కొట్టివేయలేం. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ స్వర్ణం రాలేదు. హైదరాబాదుకు చెందిన నయీముద్దీన్ నాయకత్వంలో 1970లో కాంస్యం వచ్చింది. 1960 తరువాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్ పోటీలకు మన జట్టు అర్హత పొందలేదు. ఇవి వాస్తవాలు. అయితే ఆ కాలంలో ఇతర ఆసియా దేశాలు కూడా ముందుకు సాగాయి. కనుక అన్నిటికీ ఒక్క మరణమే కారణమని తేల్చలేం. ఒక మంచి ఉపాధ్యాయుడు పోతే, ఆయన నేర్పే పద్ధతిని కొనసాగించే ఏర్పాటు ఉండాలన్న పాఠం మాత్రం మనకు మిగులుతుంది.

పాఠగత ప్రశ్నలు - 2
3. ఫ్రాన్సు మీద గెలిచి ఉన్నా మన జట్టు సెమీఫైనల్ ఎందుకు చేరేది కాదు?
4. జకార్తా ఫైనల్‌లో మన గోల్స్ చేసినవారు ఎవరు?

12.6 భాషాంశాలు

చేదర్థకం: ఒక పని జరగడం మీద మరో పని ఆధారపడి ఉందని తెలిపే అసమాపక క్రియ చేదర్థకం. నేటి వాడుకలో దీనికి "తే" చేరుతుంది.
ఉదా: బాగా సాధన చేస్తే జట్టులో చోటు దొరుకుతుంది.

అప్యర్థకం: ఒక పని జరిగినా దాని వల్ల రావలసిన ఫలితం రాలేదని, లేదా అడ్డంకి ఉన్నా పని జరిగిందని తెలిపేది అప్యర్థకం.
ఉదా: తలకు గాయమైనా జర్నైల్ సింగ్ ఆడాడు.

జరగని దానిని ఊహించే వాక్యం: ఇందులో మొదటి క్రియకు "ఉంటే" గానీ "ఉన్నా" గానీ చేరుతుంది. చివరి క్రియ "వచ్చేది, వెళ్ళేవాళ్ళం, అయ్యేవి" వంటి రూపంలో ఉంటుంది.
ఉదా: సెమీఫైనల్ గెలిచి ఉంటే రజతం వచ్చేది. (గెలవలేదు, రాలేదు.)
ఉదా: ఫ్రాన్సు మీద గెలిచి ఉన్నా సెమీఫైనల్ చేరేవాళ్ళం కాదు. (గెలవలేదు, గెలిచినా ఫలితం మారేది కాదు.)

గమనిక: "వెళ్ళేవాడు" వంటి రూపం పూర్వపు అలవాటును కూడా తెలుపుతుంది. "ఆయన రోజూ మైదానానికి వెళ్ళేవాడు" అన్నప్పుడు అది నిజంగా జరిగినదే. ఊహో, అలవాటో మొత్తం వాక్యాన్ని బట్టి తెలుసుకోవాలి.

ఇప్పుడు ఈ రెండు వాక్యాలు పోల్చండి.
1. చదివి ఉంటే పరీక్ష పాసయ్యేవాణ్ణి.
2. చదివితే పరీక్ష పాసవుతాను.
మొదటి వాక్యంలో ఆట ముగిసిపోయింది. రెండో వాక్యంలో ఆట ఇంకా జరుగుతూనే ఉంది. బడి మానేసి ఎన్ని సంవత్సరాలైనా, ఈ పుస్తకం చేతిలో ఉన్న మీరు రెండో వాక్యం రాయగలవారు.

12.7 సారాంశం

పాత ఆటల జ్ఞాపకాల్లో వాస్తవం, ఊహ కలిసి ఉంటాయి. ఊహను వాస్తవంతో పరీక్షిస్తే కొన్ని నిలుస్తాయి, కొన్ని నిలవవు. నిలవనంత మాత్రాన ఆ జ్ఞాపకానికి విలువ లేకుండా పోదు. ఆ ఆట ఆ మనిషికి ఎంత ముఖ్యమో అది చెబుతుంది. ఆ తరం ఆటగాళ్ళలో పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి 2020లో, రహీం కుమారుడు, రోమ్‌కు వెళ్ళిన జట్టు సభ్యుడు హకీం 2021లో, బలరాం 2023లో మరణించారు. చూసినవారి మాటలు వారున్నప్పుడే రాసి పెట్టుకోవాలి.

12.8 పాఠాంత ప్రశ్నలు

1. రహీం శిక్షణ పద్ధతిని మీ సొంతమాటల్లో రాయండి.
2. 1948 ఒలింపిక్స్‌లో భారత జట్టు రెండు పెనాల్టీలు వృథా చేసి, ఫ్రాన్సు చేతిలో 1-2తో ఓడింది. దీని ఆధారంగా "ఉంటే"తో ఒక వాక్యం రాసి, 12.5లోని రెండు ప్రశ్నలతో పరీక్షించండి.
3. మీ ఇంట్లో గానీ, వీధిలో గానీ ఉన్న ఒక పెద్దవారిని కలిసి, వారు మరవలేని ఆట గురించి అడగండి. వారు చెప్పినది పది వాక్యాల్లో రాయండి. వాస్తవాల కింద ఒక గీత, ఊహల కింద రెండు గీతలు గీయండి.

12.9 పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. మూడుసార్లు (గెలిచి ఉంటే, పడకుండా ఉంటే, బతికి ఉంటే).
2. రానివ్వలేదట. ("అట" చేరడం వల్ల విన్న సంగతి అని తెలుస్తుంది.)
3. గ్రూపులో మొదటి స్థానం పొందిన జట్టే సెమీఫైనల్ చేరుతుంది. హంగరీకి 6 పాయింట్లు ఉన్నాయి. మనకు 2 మాత్రమే అయ్యేవి.
4. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్.