ఎడిన్‌బరో మహాసభలో అజరయ్యగారు

పాఠభాగములు: గలతీయులకు 2:11–14, 1 కొరింథీయులకు 13, అపొస్తలుల కార్యములు 20:7–12



కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట మన ప్రాంతములలో కూటముల కాలము వచ్చును. పందిళ్లు వేయుదుము. దూరమునుండి ప్రసంగీకులను పిలుచుకొందుము. కరపత్రముమీద వారి పేరును పెద్ద అక్షరములతో అచ్చువేయింతుము. మూడు దినములు కూటములు జరుగును, నాలుగవ దినమున పందిరి విప్పుదుము. ప్రసంగము ఎట్లున్నదని అడిగినయెడల మిక్కిలి బాగుండెనని అందరును చెప్పుదురు. ఏమి చెప్పెనని అడిగినయెడల మాత్రము, స్వరము గట్టిదనియో, రెండు గంటలు ఆపకుండ పలికెననియో జవాబు వచ్చును. రెండు గంటలు పలుకుట గొప్పయని వాక్యములో ఎక్కడను లేదు. త్రోయలో పౌలు ప్రసంగము సాగుచుండగా ఐతుకు అను పడుచువాడు నిద్రలో జోగి మేడమీదనుండి క్రిందపడిన సంగతిని లూకా దాచిపెట్టలేదు. పౌలంతటివాని కూటములోనే అట్లు జరిగినది గనుక మన ప్రసంగీకులు మనస్సు చిన్నబుచ్చుకొననక్కరలేదు గాని, గడియారము చూచుకొనుట మంచిది.

సభలో నిలిచి మాటలాడుట ఎంత బరువైన పనియో ఈ నెల పాఠములో ఒక దైవజనుని అనుభవమునుబట్టి నేర్చుకొందము. ఆయన మనకు పరాయివాడు కాడు. దోర్నకల్ మొదటి బిషప్పుగానుండిన వేదనాయగము శామ్యూల్ అజరయ్యగారే. గ్రామ ఉపదేశకులకు పనికివచ్చు చిన్న పుస్తకములను, క్రైస్తవులు కానుక లిచ్చుటను గూర్చిన పుస్తకమును వ్రాసిన గ్రంథకర్త కూడను వారే.

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై అను పల్లెలో పుట్టిరి. తండ్రి ఒక పల్లె సంఘమునకు పాదిరి. 1895లో వారు యౌవనుల క్రైస్తవ సమాజములో పనికి కుదిరి, దక్షిణ దేశమంతట తిరిగి యౌవనుల కూటములలో ప్రసంగించుచుండిరి. అట్టి కూటముల నిమిత్తమే 1902లో సింహళ ద్వీపములోని యాళ్పాణమునకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు బహు కొద్దిమంది. అయినను వారు తమ సొంత డబ్బు కూర్చుకొని, తమ వారిని దూర ప్రాంతములకు సువార్త నిమిత్తము పంపుచుండిరి. తిరునెల్వేలి సంఘములు వాటికంటె ఎంతో పెద్దవి. అయినను అట్టి పని అప్పటికి చేయలేదు. బోధించుటకు వెళ్లిన అజరయ్యగారు తామే పాఠము నేర్చుకొని, మనస్సులో గుచ్చుకొన్న ముల్లుతో ఇల్లు చేరిరి.

ఆ ముల్లు వ్యర్థము కాలేదు. మరుసటి సంవత్సరము, అనగా 1903 ఫిబ్రవరిలో, పాళయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపింపబడెను. మనుష్యులు మన దేశపువారు, డబ్బు మన దేశపుది, నడుపుట మన దేశపువారిచేతనే అని వారు నిశ్చయించుకొనిరి. వారు పొలముగా ఎంచుకొన్నది మన తెలుగు నేల, నైజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము. తమిళ పల్లెలలోని బీద తల్లులు ఇచ్చిన కానుకలతో మన తెలుగు పల్లెలకు వాక్యము వచ్చెనని మనలో ఎందరికి తెలియును? 1909లో అజరయ్యగారు గురుపరిచర్యలో ప్రవేశించి, తామే దోర్నకలు వచ్చి తెలుగు నేర్చుకొని మన మధ్య కాపురముండిరి.

ఇప్పుడు మన పాఠములోని ముఖ్యమైన భాగమునకు వచ్చుచున్నాము. 1910వ సంవత్సరము జూన్ 14 మొదలు 23వ తేదీవరకు స్కాట్లాండు దేశములోని ఎడిన్‌బరో పట్టణమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. దాదాపు 1,200 మంది ప్రతినిధులు కూడిరి. ఏ సొసైటీ అన్యదేశ సేవకు ఎంత ద్రవ్యము ఖర్చుపెట్టుచున్నదో ఆ లెక్కచొప్పున దానికి ప్రతినిధుల స్థానములు పంచిరి. ఈ ఏర్పాటును కొంచెము ఆలోచించి చూడుడి. ద్రవ్యమునుబట్టి స్థానమైనప్పుడు, సువార్తను అందుకొన్న దేశములవారికి అక్కడ చోటెక్కడిది? ఆసియా ఖండమునుండి వచ్చినవారు ఇరువదిమందైనను లేరు. వారును మిషనుల దయవలన వచ్చినవారే.

పగటి చర్చలలో ఒక్కొక్కరికి ఏడు నిమిషములే ఇచ్చుచుండిరి. (మన కూటముల పెద్దలు ఈ మాటను గుర్తుపెట్టుకొందురు గాక!) చీనా దేశమునుండి వచ్చిన చెంగ్ చింగ్‌యీ అను 28 ఏండ్ల యౌవనుడు ఆ ఏడు నిమిషములలోనే, పాశ్చాత్య మిషనుల శాఖాభేదములు తమకు అక్కరలేదనియు, తమ దేశములో ఒకే సంఘము కావలెననియు తెలియజెప్పెను. అది ఆ సభ అంతటిలో మేలైన ప్రసంగములలో ఒకటియని అనేకులు ఒప్పుకొనిరి.

జూన్ 20వ తేదీ సాయంకాలపు సభలో అజరయ్యగారి వంతు వచ్చెను. వారి వయస్సు అప్పటికి 35 ఏండ్లు. వారికియ్యబడిన అంశము, విదేశ మిషనరీలును స్వదేశ పనివారును కలిసి పనిచేయుటను గూర్చినది. అట్టి స్థలములో మనమే నిలువబడియుంటిమని తలంచుకొందము. పిలిచినవారు వారే, చప్పట్లు కొట్టువారు వారే. రేపు మన పనికి సహాయము చేయవలసినవారును వారే. వందనములు చెప్పి, మిషనరీల త్యాగమును పొగడి, కూర్చుండుట ఎంత సులభము!

అజరయ్యగారు వందనములు చెప్పకపోలేదు. మిషనరీల ప్రయాసను నిండు మనస్సుతో ఒప్పుకొనిరి. అయితే అంతటితో నిలువలేదు. మన దేశములో మిషనరీకిని స్వదేశ పనివానికిని మధ్య ఉండవలసిన సహోదర సంబంధము లేదనియు, దూరదూరముగా ఉండు స్వభావము కలదనియు, ఒకరి ఇంటికి ఒకరు పోకయు, ఒక బల్లయొద్ద కూర్చుండి భుజింపకయు ఏండ్లు గడుచుచున్నవనియు బహిరంగముగా చెప్పిరి. పైనుండి క్రిందికి చూచు దయ స్నేహము కాదనిరి. చివరకు 1 కొరింథీ 13వ అధ్యాయమును పట్టుకొని, మీరు మీ ఆస్తి బీదలకిచ్చితిరి, మీ శరీరములను కూడ అర్పించితిరి, మేము ప్రేమను కూడ అడుగుచున్నాము, మాకు స్నేహితులను ఇయ్యుడి అను భావముతో ముగించిరి.

సభ యావత్తు కదలినది. కొందరి హృదయములు కరగెను, కొందరికి కోపము వచ్చెను. కృతజ్ఞతలేని మాటలని అనుకొన్నవారును ఉండిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో వారికి బిషప్పు అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘములో మన దేశస్థులలో మొదటి బిషప్పు వారే. ఆ నియామకమునకు అభ్యంతరము చెప్పినవారు తెల్లవారిలోను ఉండిరి, మన వారిలోను ఉండిరి.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. అజరయ్యగారు తమకు స్నేహితులు లేరని కడుపుమంటతో పలికినవారు కారు. అమెరికా దేశస్థుడైన షెర్‌వుడ్ ఎడ్డీగారు వారికి ఎన్నో ఏండ్ల ప్రాణస్నేహితుడు. నిజమైన స్నేహమును రుచి చూచినవారు గనుకనే, అది దొరకని పల్లె పాదిరి పక్షముగాను ఉపదేశకుని పక్షముగాను మాటలాడగలిగిరి. తన నొప్పిని చెప్పుకొనుట వేరు, మాటలాడలేనివాని నొప్పిని మోసికొనిపోయి సభలో పెట్టుట వేరు. కూటములలో సాక్ష్యము చెప్పువారు ఈ భేదమును తరచుగా మరచుచున్నారని మా తలంపు.

గలతీయులకు 2వ అధ్యాయములో అంతియొకయలో జరిగిన సంగతి చూడుడి. అక్కడ తగవు సిద్ధాంత గ్రంథమును గూర్చినది కాదు, భోజనపు బల్లను గూర్చినది. అన్యజనులతో కూర్చుండి తినుచుండిన పేతురు, యెరూషలేమునుండి కొందరు రాగానే వెనుకకు తీసెను. పౌలు అందరియెదుట అతనిని నిలదీసెను. బల్లను విడిచిపోవుట సువార్త సత్యమునకు విరోధమని పౌలు ఎంచెను. ఎడిన్‌బరోలో అజరయ్యగారు మాటలాడినదియు ఆ బల్లను గూర్చియే.

తెల్ల దొరల కాలము గడచిపోయినది గనుక ఈ పాఠము మనది కాదని చెప్పవచ్చునా? మన పల్లెలలో రెండు పేటలవారు ఆదివారమున ఒకే పాత్రలోనిది పుచ్చుకొందురు, సోమవారమున ఒకరి ఇంట నొకరు మంచినీళ్లు త్రాగరు. పెండ్లి సంబంధపు మాట వచ్చినయెడల బాప్తిస్మము మరుగునపడి పేట పేరు పైకి వచ్చును. కూటములకు వచ్చిన పెద్ద ప్రసంగీకునికి మేడయింట బస, కోడికూర. అతని సంచి మోసిన ఉపదేశకునికి పందిరి వెనుక ఆకు వేయుదురు. ఇది మేము కల్పించిన మాట కాదు, మీ కన్నులెదుట ఉన్నదే. అజరయ్యగారి మేత్రాసనములోను ఈ పేటల తగవు లుండెను. సంఘములో వాటికి చోటియ్యకూడదని వారు పోరాడుచు వచ్చిరి.

ఎడిన్‌బరోనుండి తిరిగివచ్చిన పిమ్మట వారి అసలైన ప్రసంగవేదిక మన పల్లెలే. ఎడ్లబండిమీదను, సైకిలుమీదను ఊరూర తిరిగిరి. చదువురాని కూలివాండ్రకు పాటలతో, కథలతో వాక్యము నేర్పిరి. బాప్తిస్మము పొందినవాడు తన చేతిని తన తలమీద పెట్టుకొని, సువార్త ప్రకటింపనియెడల తనకు శ్రమయని పౌలు 1 కొరింథీ 9:16లో చెప్పినదానిని తన మాటగా పలుకవలెనని వారు కోరుచుండిరి. అనగా ప్రసంగించు పనిని పందిరిలోని ఒక్కనికి విడిచిపెట్టక, పొలములో కలుపుతీయు స్త్రీకిని, గొడ్లుకాయు పిల్లవానికిని పంచి యిచ్చిరి.

మహాసభలను వారు మానలేదు. 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సేవకులు కూడి సంఘముల ఐక్యతను గూర్చి ఒక ప్రకటన చేసినప్పుడు వారు ముందుండిరి. 1938 డిసెంబరులో మద్రాసు చెంత తాంబరములో ప్రపంచ మిషనరీ సభ జరిగినప్పుడును వారు ముఖ్యులలో ఒకరు. దోర్నకల్ దేవాలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడెను. 1945 జనవరి 1వ తేదీన వారు దోర్నకలులో ప్రభువునందు నిద్రించిరి. వారు ఎన్నో ఏండ్లు మాటలాడిన ఐక్యత 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడెను గాని, దానిని కన్నులార చూచు భాగ్యము వారికి లేకపోయెను.

సంఘ పెద్దలు ఈ నెల గృహకూటములలో పాఠభాగములను చదివించి, ఈ ప్రశ్నలను అడుగవలెను. చదువురానివారికి కూడ జవాబు చెప్పు సమయమియ్యవలెను.

పేతురు బల్లను విడిచినప్పుడు అతనితోకూడ వెనుకకు పోయినవారెవరు? వారు ఎందుకు పోయిరి?

మన ఊరి ఉపదేశకుని ఇంట మనలో ఎందరము కూర్చుండి భుజించితిమి? మన ఇంట అతడు ఎన్నిసార్లు భుజించెను?

రాబోవు కూటములలో అవతలి పేటవారి ఇండ్లలో బస ఏర్పాటు చేయుటకు ఎవరు ముందు వచ్చెదరు? ఒప్పుకొన్నవారి పేర్లు ఆ రాత్రియే వ్రాసికొని పాదిరిగారికి అందజేయవలెను.