ఇన్వర్టరుకు ఎంత లావు తీగ కావలెను?

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతములలో కరెంటు పోయినను పంచాయతీ కార్యాలయపు పని ఆగకుండుటకు ఇన్వర్టరు అమర్చుకొనుచున్నాము. యంత్రమును, బ్యాటరీని శ్రద్ధతో ఎన్నుకొందుము గాని, ఆ రెంటిని కలుపు తీగను ఉపేక్షింతుము. గోడలలో వేయగా మిగిలిన తీగనే అక్కడను తగిలించుట ప్రమాదకరము.

కారణము తెలిసికొందము. కంప్యూటరు, దీపములు, పంకాలు కలిసి 600 వాట్లు అనుకొనినచో, 230 వోల్టుల లైనులో సుమారు 2.6 ఆంపియర్లు చాలును. అదే పనికి 12 వోల్టుల బ్యాటరీ 50 ఆంపియర్లు ఈయవలెను. యంత్రములో కలుగు నష్టమును చేర్చి 70 వరకు లెక్క వేసికొనుట మేలు. చెరువు తూము నీటిని పిల్లకాలువ మోయలేదు గదా! రెండు బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టుల ఇన్వర్టరు వాడినచో ఆంపియర్లు సగమగును.

12 వోల్టుల బ్యాటరీయే 2 మీటర్ల దూరమున ఉన్నదనుకొందము. రాకపోకలకు తీగ 4 మీటర్లు. అది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగయైనచో దాదాపు 2 వోల్టులు దారిలోనే హరించును. బ్యాటరీలో శక్తి ఉండగనే ఇన్వర్టరు ఆగిపోవచ్చును. అంతకన్న ముఖ్యముగా, సుమారు 140 వాట్లు వేడిగా మారి తీగ తొడుగును కరగించును. పన్నుల రిజిస్టర్లు, జనన మరణముల లెక్కలు ఉన్న గదిలో నిప్పు పుట్టుటకు అది చాలును. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగయైనచో నష్టము 0.2 వోల్టు, వేడి 14 వాట్లు మాత్రమే. మే మాసమున 40 డిగ్రీలు దాటు మన ఎండలలో తీగ మోయగల విద్యుత్తు మరింత తగ్గును గనుక, ఇంతకు తగ్గించుట మంచిది కాదు.

పనికి ఆమోదము తెలుపునపుడు సభ్యులు గమనింపవలసినవి:

1. అంచనా పత్రములో తీగ లావు, పొడవు, రాగిదని స్పష్టముగా వ్రాయింపవలెను.

2. బ్యాటరీని ఇన్వర్టరుకు దగ్గరగా, గాలి ఆడుచోట ఉంచవలెను. దూరము రెట్టింపైన నష్టమును రెట్టింపగును.

3. బ్యాటరీ ధన ధ్రువము ప్రక్కనే, తీగ ఓపగలదానికి మించని ఫ్యూజు పెట్టింపవలెను.

4. తీగ కొనలకు తగిన లగ్గులు నొక్కించి, గట్టిగా బిగింపించవలెను. వదులైన అతుకు లావు తీగనైనను కాల్చును.

ఈ నాలుగును సరిచూచిన పిదపనే బిల్లు మంజూరు చేయుట మన విధి. తీగకు ఖర్చు ఒక్కమారే. సన్నని తీగవలన నష్టము కరెంటు పోయిన ప్రతిసారియు కలుగుచునే యుండును.