డాక్టరు విజయవాడలో, హక్కు కోవిల్‌పట్టిలో

తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుకునే కుటుంబాలున్నాయి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే తల్లి తన ఒంట్లో బాధ తెలుగులో చెప్పుకోవాలనుకుంటే విజయవాడ డాక్టరుకు ఫోన్ చేయొచ్చా?

నిక్షేపంగా చేయొచ్చు. రాష్ట్ర వైద్యమండలిలో నమోదైన డాక్టరు దేశంలో ఏ మూలనున్న రోగికైనా ఫోన్లో వైద్యం చెప్పవచ్చని 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అంటున్నాయి. వైద్యుల వృత్తి నియమావళిలో ఇవీ భాగమే కాబట్టి, మీరితే చర్య తప్పదు.

ముందుగా డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడగాలి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఆ నంబరు మందుల చీటీ మీద, ఫీజు రసీదు మీద ఉండి తీరాలి. సంతకం చేసిన చీటీని వాట్సాప్‌లో పంపినా చెల్లుతుంది.

మందుల సంగతి కాస్త నిదానంగా చూడాలి. మొదటిసారి మాటల్లోనే సంప్రదిస్తే పారాసెటమాల్, ఓఆర్ఎస్ లాంటి మామూలువే రాయాలి. వీడియోలో చూస్తే మరికొన్ని రాయొచ్చు. అదే డాక్టరుకు ఆరు నెలల లోపు అదే జబ్బుకు నేరుగా చూపించుకుని ఉంటే ఇంకాస్త వెసులుబాటుంది. కఠిన నియంత్రణలో ఉండే షెడ్యూల్ ఎక్స్ మందులు మాత్రం ఫోన్లో రాయనే కూడదు. యాప్‌లోని కృత్రిమ మేధ తనంతట తాను మందు చెప్పడమూ నిషిద్ధమే.

అన్నిటికన్నా విలువైన హక్కు ఒకటుంది: స్వయంగా వచ్చి చూపించుకుంటానని రోగి అంటే, ఫోన్‌తోనే సరిపెట్టుకోమని డాక్టరు పట్టుబట్టకూడదు.

తేడా వస్తే? డాక్టరు ప్రవర్తనపై ఫిర్యాదు ఆయన నమోదైన మండలికి, అంటే ఆంధ్రప్రదేశ్ వైద్యమండలికి వెళ్తుంది. నష్టపరిహారానికి మాత్రం విజయవాడ దాకా పరుగెత్తనక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయొచ్చు. కోవిల్‌పట్టివారికి తూత్తుకుడి జిల్లా వినియోగదారుల కమిషన్, విరుదునగర్‌వారికి వాళ్ల జిల్లా కమిషన్. గడువు రెండేళ్లు. డాక్టరుకు కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపైతే కోర్టు ఫీజే లేదు. ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవని లాంటి పూర్తి ఉచిత సేవకు ఈ దారి వర్తించదు గానీ, వైద్యమండలి తలుపు తట్టొచ్చు.

వాట్సాప్ సందేశాలు, చీటీ, డబ్బు పంపిన రసీదు చెరిపేయకుండా దాచాలి. వకీలు కావాలంటే న్యాయసేవల నంబరు 15100. ఆడవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.