పందెపు కారులో పెట్రోలుకు చోటెక్కడ?

ఎడ్లబండి మీద బస్తాలు వేసేటప్పుడు మా ఊళ్లో పెద్దవాళ్లు బరువెంత అని మాత్రమే చూడరు, ఎక్కడ పడుతున్నది అని కూడా చూస్తారు. ముందుకు పడితే ఎడ్ల మెడలు నలుగుతాయి. వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది. పందెపు కారు తయారుచేసే ఇంజనీరుకూ ఇదే చిక్కు. అయితే ఆయన వెయ్యాల్సిన బస్తా పెట్రోలు. అది పరుగులో తరిగిపోతూ వుంటుంది; దెబ్బ తగిలితే మండుతుంది.

శక్తిగల ఇంజనుకు పెద్ద రేడియేటరు కావాలి. గాలి బాగా తగిలే చోట పెట్రోలు ట్యాంకు అడ్డంగా వుంటే దాన్ని జరపక తప్పదు. మరి ఎక్కడికి జరపాలి? ఖాళీ వున్న చోటికి అనుకుంటే పొరపాటే. బరువు, వేడి, ప్రమాదం అనే మూడింటికీ జవాబు చెప్పుకోవాలి.

ముందుగా ఒక మాట. రేసు కారు ట్యాంకును ‘ఫ్యూయెల్ సెల్’ అంటారు. హైడ్రోజనుతో విద్యుత్తు పుట్టించే ఫ్యూయెల్ సెల్‌కూ దీనికీ సంబంధం లేదు. ఇది గట్టి గుడ్డకు రబ్బరు పట్టించి చేసిన సంచి. సాధారణంగా లోపల స్పాంజి వుంటుంది. పెట్రోలు అటూ ఇటూ ఎగసిపడకుండా ఆపుతుంది. గుద్దుకున్నప్పుడు రేకు చీలుతుంది గాని, సంచి వంగి తట్టుకుంటుంది. ఫార్ములా వన్ పందేలలో 1970లో ఇలాంటి సంచిని తప్పనిసరి చేశారు.

బరువు: లెక్క కోసం పెట్రోలు లేని కారు 700 కిలోలనుకుందాం. 100 లీటర్ల పెట్రోలు సుమారు 75 కిలోలు. ట్యాంకును కారు గరిమనాభికి ఒక మీటరు వెనుక పెడితే, మొత్తం గరిమనాభి 75/775, అనగా దాదాపు 10 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ మళ్లీ ముందుకు వస్తుంది. అంటే పందెం మొదట్లో ఒక కారు, చివర్లో మరో కారు! అదే ట్యాంకు 20 సెంటీమీటర్ల దూరంలోనే వుంటే తేడా 2 సెంటీమీటర్లకు మించదు. కాబట్టి బరువు నడిమధ్యకు చేరాలి.

వేడి: ఇంజను నుంచి నీళ్లలోకి 100 కిలోవాట్ల వేడి వస్తున్నదనుకుందాం. రేడియేటరులో గాలి 40 డిగ్రీలు వేడెక్కితే, సెకనుకు 2.5 కిలోల గాలి, అంటే రెండు ఘనపు మీటర్లకు పైగా, దాని గుండా పోవాలి. నూర్పిళ్లప్పుడు ట్రాక్టరు రేడియేటరుకు పొట్టు పట్టితే నీళ్లు మరిగిపోవడం పల్లెటూరి వాళ్లందరూ చూసిందే. గాలి రావడానికి దారి వుంటే చాలదు, పోవడానికీ వుండాలి. ఒక్క కిటికీ గదిలో గాలాడదు గదా! అలాగని ఆ వేడిగాలి ట్యాంకు మీదికి పోకూడదు. పెట్రోలులోని తేలిక భాగాలు సుమారు 40 డిగ్రీల దగ్గరే ఆవిరవుతాయి. ఆ బుడగలు గొట్టంలో చేరితే ఇంజను ఆగిపోతుంది.

ప్రమాదం: 1960ల చివర చాలా ఫార్ములా వన్ కార్లకు రేడియేటరు ముక్కులో, పెట్రోలు డ్రైవరుకు రెండు పక్కలా వుండేవి. పక్క నుంచి గుద్దుకుంటే మొదట చీలేది పెట్రోలు ట్యాంకే. 1970లో లోటస్ 72 కారులో రేడియేటర్లను ముక్కు నుంచి తీసి పక్కలకు మార్చారు. 1978లో లోటస్ 79 వచ్చింది. కారు కింద నుంచి గాలి లాగి నేలకు అదిమి పట్టేందుకు ఆ పక్కలు ఖాళీగా కావలసి వచ్చాయి. అందుకని పెట్రోలంతా డ్రైవరు వీపు వెనుక, ఇంజను ముందు, ఒకే ట్యాంకులో పెట్టారు. ఆ ఏడాది మేరియో ఆండ్రెటి అదే కారుతో ప్రపంచ విజేత అయ్యాడు.

వేగం కోసం చేసిన ఈ మార్పు ప్రాణరక్షణకు కూడా పనికివచ్చింది. పెట్రోలు నడిమధ్యకు చేరింది. దెబ్బ ముందుగా పక్కనున్న రేడియేటరు పెట్టెలకు తగులుతుంది. ఫార్ములా వన్‌లో నేటికీ ట్యాంకు చోటు అదే.

అయినా కథ అంతటితో ముగియలేదు. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో రొమెయిన్ గ్రోజాన్ కారు ఇనుప కంచెను గుద్దుకుని రెండు ముక్కలై మండిపోయింది. 27 సెకన్ల తరువాత ఆయన కాలిన చేతులతో బయటపడ్డాడు. ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు పోయే అతుకు సంచి దగ్గర ఊడివచ్చిందని విచారణలో తేలింది.

కాబట్టి ట్యాంకు జరిపేవాడు గొట్టాన్నీ, అతుకునూ, గాలి పోయే రంధ్రాన్నీ, కారు తలకిందులైతే ఆ రంధ్రాన్ని మూసే కవాటాన్నీ కూడా చూసుకోవాలి. డ్రైవరుకూ పెట్రోలుకూ మధ్య నిప్పు దాటని గోడ వుండాలి. మన దేశంలోనూ ఇంజనీరింగు విద్యార్థులు ఫార్ములా భారత్ వంటి పోటీలకు సొంతంగా కార్లు చేస్తున్నారు. అలాంటి కారులో రేడియేటరుకు చోటు వెతికే మిత్రులు టేపు పట్టుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ కారుకు దెబ్బ తగిలితే చివరగా నలిగేది ఏ భాగం? పెట్రోలుకు చోటు అక్కడే!