కుక్కకు నిలిపిన రాయి

ప్రశ్న: ఏళ్ల తరబడి ఇంట్లో పెరిగిన కుక్క చనిపోయింది. పెరట్లో దానికి గుర్తురాయి పెడితే తప్పా? – ఒక పాఠకురాలు, సూళ్లూరుపేట

జవాబు: కుక్కకు రాయి నిలపడం దక్షిణాదిలో పాత ఆచారమే. తమిళనాడులోని ఎడుత్తనూరులో 7వ శతాబ్దపు వీరగల్లు (పోరులో నేలకొరిగిన వీరుడికి నిలిపిన రాయి) ఉంది. యజమాని నేలకొరిగాక దొంగల్ని కరిచిన కోవివన్ అనే కుక్క బొమ్మను వీరుడి పక్కనే చెక్కి, పేరు కూడా రాశారు. ఇంతకంటే ఆర్ద్రమైనది కర్ణాటకలోని ఆతకూరు శాసనం. 10వ శతాబ్దంలో కాళి అనే వేటకుక్క అడవిపందితో పోరాడి చనిపోతే, యజమాని మణలేరుడు రాయి నిలిపి భూమి రాయించాడు. ఆ రాయికి పూజ చేయకుండా పూజారి అన్నం తింటే పాపమని అందులో ఉంది. ఒక మూగజీవి మీద ఎంత ప్రేమ!

నెల్లూరు తిక్కన తెనిగించిన భారతంలోనూ ధర్మరాజు వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానంటాడు.

ఇక పెరట్లో పూడ్చే విషయానికొస్తే, మీ సూళ్లూరుపేట వైపు పులికాట్ సరస్సు పక్క ఇసుక నేలల్లో నీరు పైనే తగులుతుంది. కాబట్టి బావికి, బోరుకు దూరంగా పూడ్చాలి. రేబిస్ అనుమానముంటే ముందుగా పశువైద్యుడికి చెప్పాలి. రాయి మీద పేరు, తేదీ నిశ్చింతగా రాయించుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు.